పచ్చలైటు వెలిగేదాకా

మా రిసార్టులో ఏఐ కెమెరాలు పెట్టించింది నేనే. ఎవరో బలవంతం చేశారనో, రూలు వచ్చిందనో తప్పించుకోవడానికి లేదు. మూడు కంపెనీలవాళ్లను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీలిచ్చి, ఏరికోరి ఒకదాన్ని పట్టుకున్నాను. ఇప్పటికీ కొత్తగా హోటలో రిసార్టో కట్టుకుంటున్నవాళ్లు వచ్చి, "తమరికి వీటి సంగతి బాగా తెలుసటగదండీ, ఏది పెట్టించుకోమంటారు?" అని అడుగుతుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. తెలుసట! నా బొంద తెలుసు.

రాజోలు దాటాక గోదావరి పాయ ఒడ్డున మాకు నాలుగెకరాల కొబ్బరితోట ఉంది. కువైట్ నుంచి వచ్చేశాక అందులో ఎనిమిది కాటేజీలు కట్టాను. చెట్టు కొట్టకుండా చెట్ల మధ్యనే కట్టానని అప్పట్లో ఊరంతా చెప్పుకు తిరిగాను. హైదరాబాదు నుంచి వస్తారు, పడవెక్కుతారు, పులస కాలం కాదంటే మొహం ముడుచుకుంటారు, మేము పెట్టే ఆత్రేయపురం పూతరేకులు తిని కొబ్బరిచెట్ల కింద ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఇంటికెళ్లాక ఫోనులో రేటింగంటూ మాకు చుక్కలు పెడతారు. ఆ చుక్కలు తగ్గితే తర్వాతి నెల కాటేజీలు ఖాళీ.

ఒకాయన భోజనం బాగుంది, పడవ బాగుంది అని రాసి, చివర్న రెండే చుక్కలు పెట్టాడు. 'సెక్యూరిటీ సున్నా. పొద్దున్నే తోటలో ఎవరు పడితే వాళ్లు తిరుగుతున్నారు' అని కారణం. ఆ ఎవరు పడితే వాళ్లు ఎవరయ్యా అంటే, మామ్మ.

మామ్మ అంటే మా సొంత మామ్మ కాదు. తోట కంచె అవతల గట్టు మీద ఒంటరిగా ఉండే డెబ్భై ఏళ్ల మనిషి. మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ మామ్మ అనే పిలుస్తారు. ఆమె మొగుడు మా తోటలో కొబ్బరి దింపు తీసేవాడు. నాకు పదేళ్లప్పుడు, ముసురు పట్టిన రోజున, మూడో వరసలో చెట్టు మీంచి జారి పడి చనిపోయాడు. ఆ రోజు నాన్న ఆమె గుమ్మంలో నిలబడి, "ఈ తోటలో రాలిన ప్రతి మట్టా నీదేనమ్మా. నువ్వున్నన్నాళ్లు ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నాడు. మట్టల్లోంచి ఈనెలు తీసుకోవడానికి మా ఇంట్లోని ఇత్తడి పిడి కత్తి కూడా ఇచ్చాడు. నేను నాన్న పంచె పట్టుకుని పక్కనే ఉన్నాను. అప్పట్నుంచీ పొద్దున్నే రావడం, రాలిన మట్టలు ఏరి మోపు కట్టుకోవడం, ఈనెలు తీసి చీపుళ్లు కట్టి రాజోలు సంతలో అమ్ముకోవడం, ఇదే ఆమె బతుకు. కాగితం లేదు, కూలీ లెక్కలో పేరు లేదు. నాన్న అన్న మాట ఒక్కటే ఆధారం.

కెమెరాల విషయంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడనుకున్నాను. ఎందుకంటే కువైట్‌లో పదకొండేళ్లు ఒక పెద్ద హోటల్లో కెమెరాల గదిలోనే పనిచేశాను. గోడనిండా తెరలు, ఎదురుగా నేను. ఆ హోటల్లోనే ఇంకో సంగతి కూడా ఉండేది. డ్యూటీ దిగాక సిబ్బంది గేటు దగ్గర మేమంతా సంచులు విప్పి చూపించాలి. అన్నం గిన్నె మూత కూడా తీయాలి. "ఏమీ అనుకోకు, రూలు కదా" అనేవాడు గేటు దగ్గరి మనిషి. వాడూ మన తెలుగువాడే. పదకొండేళ్లూ నేను అనుకుంటూనే ఉన్నాను.

ఇక ఆ మూడు కంపెనీలు. మొదటివాడి కెమెరాలు ఊరికే చూస్తాయి, దాచుకుంటాయి, అంతే. రెండోవాడు మనిషి ఒంటి వేడి దాకా కొలుస్తానన్నాడు. ఇదేం ఆస్పత్రి కాదు నాయనా అని పంపేశాను. మూడో ఆయన మాటకారి. మా వరండాలో లాప్‌టాప్ తెరిచి కెమెరాని మా ఆవిడ వైపు తిప్పాడు. తెర మీద ఆవిడ ముఖం చుట్టూ గీత పడింది, చిన్న పచ్చలైటు వెలిగింది, 'స్వాగతం' అని తెలుగులో ఆడగొంతు పలికింది. మా ఆవిడ ఉలిక్కిపడి పైట సర్దుకుంది.

"తెలిసిన ముఖమైతే పచ్చలైటండి. తెలియని ముఖమైతే ఎర్రలైటు, సైరను, మీ ఫోనుకి కబురు. గెస్టుల ముఖాలు దిగిన రోజే ఎక్కించేస్తారండి. వాళ్లకి ఇంతకంటే ధైర్యం ఏం కావాలండి?" అన్నాడాయన.

నేను ఊరికే ఒప్పుకోలేదు. కరెంటు పోతే ఏమవుతుంది, సముద్రపు గాలికి తుప్పు పడుతుందా, తుఫాను వస్తే కెమెరా స్తంభం ఆగుతుందా, వీడియోలు ఎన్నాళ్లుంటాయి, ఎవరి దగ్గరుంటాయి, అన్నీ అడిగాను. పదకొండేళ్ల అనుభవం ఊరికే పోతుందా మరి! వరండా స్తంభానికి ఆనుకుని వింటున్న మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది.

"మరి మామ్మ సంగతేటండీ?"

"ఆవిడ ఫొటో కూడా ఎక్కించేద్దామండి. ఐదు నిమిషాల పని" అన్నాడాయన. అడగాల్సిన ప్రశ్న ఇంట్లో మనిషి అడిగింది, జవాబు వచ్చేసింది అనుకుని సంతకం పెట్టేశాను.

ముఖాలు ఎక్కించే రోజున మామ్మ వంకాయరంగు పట్టుచీర కట్టుకుని వచ్చింది. మనవరాలి పెళ్లికి పెట్టిన చీర అది. తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుంది, ముఖానికి పౌడరు కూడా అద్దుకుంది. ఫొటో అంటే మా వైపు ఎవరైనా అలాగే వస్తారు. ఆధార్‌కైనా రేషన్‌కార్డుకైనా ఉన్నదాంట్లో మంచిది కట్టుకుని, కళ్లజోడు తీసేసి, ఊపిరి బిగబట్టి నిలబడతాం. మామ్మ కూడా అలాగే నిలబడింది. ఎదర, కుడి, ఎడమ అంటూ కంపెనీ ఆయన తిప్పి తిప్పి తీశాడు. పచ్చలైటు వెలిగింది. స్వాగతం అంది.

"నన్నేనాండీ అంటుంది! సిత్రంగా ఉందండి బాబుగారూ!" అని మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనైతే గట్టిగా కొట్టాను.

మర్నాడు తెల్లవారగానే సైరను మోగింది. కాటేజీల్లోంచి జనం గుడ్డలు సర్దుకుంటూ బయటికి వచ్చారు. రేవు వైపు గేటు దగ్గర ఎర్రలైటు కింద మామ్మ బిక్కచచ్చి నిలబడి ఉంది. తలకి తువ్వాలు చుట్టుకుంది, నడుం వంగి ఉంది, నెత్తిన మట్టల మోపు, దాని కమ్మలు ముఖం మీదకి వేలాడుతున్నాయి. ముందు నుంచి చూస్తే మనిషే కనబడదు. నలభై ఐదేళ్లుగా ఆమె ఆ గేటు దాటేది అలాగే. పట్టుచీర కట్టుకుని మట్టలు ఏరుకునేవాళ్లు ఎవరుంటారు? ఇంతమందిమి చప్పట్లు కొట్టాం, ఒక్కడికీ అది తట్టలేదు.

కంపెనీ ఆయనకి ఫోను చేశాను. "సిస్టం తప్పేం లేదండి. ఆవిణ్ణి ఫేసు చూపించమనండి" అన్నాడు. చేసేదేముంది, నేనే మామ్మకి చెప్పాను.

"గేటు దగ్గర మోపు దింపి, తువ్వాలు తీసి, ఆ స్తంభం వైపు తలెత్తి చూడు మామ్మా. పచ్చలైటు వెలిగేదాకా నిలబడు. ఆనక వెళ్లు."

"ఆయ్, అలాగేనండి" అంది.

మోపు దింపడం ఒక్కరి పని. మళ్లీ నెత్తికెత్తుకోవాలంటే ఇంకో మనిషి సాయం పట్టాలి. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఆ సమయానికి గుర్తు రాలేదంతే.

ఆ మర్నాడు మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ ఫోనులో చూశాను. మామ్మ మోపు దింపింది. తువ్వాలు విప్పింది. నెరిసిన జుట్టు చేత్తో సవరించుకుంది. స్తంభం వైపు తలెత్తి, రెండు చేతులూ జోడించి, "బాబుగారండీ, నేనేనండి" అంది. ఆ పెట్టెలో నేనే కూర్చుని ఉన్నాననుకుంది పాపం. పచ్చలైటు వెలిగింది. తర్వాత గొంతుక్కూర్చుని మోపు ఎత్తుకోబోయింది, లేవలేకపోయింది. రెండోసారీ లేవలేకపోయింది. మూడోసారి మోపుని గేటు దిమ్మెకి ఆనించి, దాని కిందికి తల దూర్చి ఎలాగో లేచింది.

నా భుజం మీంచి మా ఆవిడ కూడా చూసింది. "ఏవండీ, ఆ లైటు పీకించెయ్యండి. నేను చూళ్లేకపోతున్నాను" అంది.

"నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది లెద్దూ" అన్నాను. నిజంగానే అలవాటైంది. రోజూ పొద్దున్నే ఫోను మోగేది, నేను చూడకుండానే తుడిచేసేవాణ్ణి. ఆమె మాత్రం రోజూ దండం పెడుతూనే ఉంది, నేనేనండి అంటూనే ఉంది.

అలా రెండు నెలలు గడిచాక, పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంట ఒకటి వచ్చి నాలుగు కాటేజీలు తీసుకుంది. వాళ్లతో వచ్చిన ఫొటోగ్రాఫరు పొద్దున్నే తోట మీద డ్రోను ఎగరేశాడు. కాసేపటికి అది చేతికి అందకుండా పోయింది. మూడో వరసలో పడిందని అతనన్నాడు. గడ్డంతా వెతికారు, కాలవలో చూశారు, లేదు. నా దగ్గరకి వచ్చి కెమెరా చూపించమన్నాడు. నాకు లోపల గర్వంగానే ఉంది. ఇలాంటి పనికే కదా ఇన్ని పెట్టించాను! 'తెలియని వ్యక్తి' అన్న చోట నొక్కాను. ఒకే ఒక్క వీడియో వచ్చింది. మూడో వరసలోంచి మట్టలమోపు నడిచి వస్తోంది, గేటు దాటి వెళ్లిపోతోంది. ఆ రోజు మామ్మ ఆగి ముఖం చూపించలేదు. ఎందుకు చూపించలేదో ఆ వీడియోలోనే వినబడింది. గేటు దగ్గర ఫొటోలు తీస్తున్న వీళ్లే, "మామ్మా, జరుగు జరుగు, ఫ్రేములోకి రాకు" అని తరిమారు. సైరను ఎందుకు మోగలేదంటే, పొద్దున పూట అతిథులు విసుక్కుంటున్నారని నేనే ఆపించాను.

"మోపు ఎంతుందో చూడండి సార్. అందులో డ్రోనేంటి, టీవీ కూడా పడుతుంది" అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆవిడ మా మనిషి అనాలి నేను. మూడే మాటలు. నోరు రాలేదు. పెళ్లికొడుకు చేతిలో ఫోను ఉంది, ఆ ఫోనులో చుక్కలున్నాయి, నా కళ్లకి అవే కనబడ్డాయి. సిగ్గు లేకుండా ముందు నడిచి వాళ్లిద్దర్నీ గట్టు మీద మామ్మ ఇంటికి తీసుకెళ్లాను.

మామ్మ గుమ్మం ముందు కూర్చుని, ఇత్తడి పిడి కత్తితో ఈనెలు తీస్తోంది. పొద్దుటి మోపు సగం అలాగే కట్టి ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో మామ్మా. వీళ్ల వస్తువేదో పోయిందట. ఆ మోపు ఒకసారి విప్పి చూపించు. ఏమీ అనుకోకు, రూలు కదా."

ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నేనే విన్నాను. కువైట్ గేటు దగ్గర నిలబడ్డట్టే అనిపించింది, కాకపోతే ఈసారి గేటుకి అవతలివైపు ఉన్నాను. మామ్మ వాళ్ల వైపు చూడలేదు. నా వైపే చూసింది. "ఆయ్" అంది.

మోపు విప్పింది. ఒక్కో మట్టా తీసి, ఇటు చూపించి, అటు తిప్పి చూపించి, పక్కన పెట్టింది. నాలుగైదు అయ్యాక "చాల్లే మామ్మా" అన్నాను. ఆపలేదు. "ఉండండి బాబుగారండీ. పూర్తిగా చూసుకోండి" అంది. అన్నీ అయ్యాక లోపలికి వెళ్లింది. పరుపుచుట్ట తెచ్చి విప్పి దులిపింది. బియ్యం డబ్బా మూత తీసి చెయ్యి పెట్టి కలిపి చూపించింది. చివరికి రేకుపెట్టె బయటికి లాక్కొచ్చింది. అందులో పైనే వంకాయరంగు చీర ఉంది. మడత విప్పి ముగ్గురు మగాళ్ల ముందు రెండు చేతులా పట్టుకుని దులిపింది. ఒక కలరా ఉండ కింద పడి దొర్లింది. పెళ్లికొడుకు తల దించుకుని, "వద్దులెండి, వెళ్దాం" అన్నాడు. నాకు ఆ మాట అనడం కూడా చేతకాలేదు.

వాళ్లు వెళ్లి ఐదు చుక్కలూ పెట్టారు. 'సెక్యూరిటీ అద్భుతం. ఓనరు గారు స్వయంగా సహకరించారు' అని రాశారు. నా జన్మకి అంత మంచి మాట ఎవరూ రాయలేదు.

మర్నాడు మామ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తోటలో మట్టలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మట్ట రాలినప్పుడల్లా నా ఫోను మోగేది, 'గుర్తు తెలియని వస్తువు' అని. కొబ్బరితోటలో కొబ్బరిమట్ట గుర్తు తెలియని వస్తువట! ఫోను విసిరికొట్టబుద్ధయ్యేది. మామ్మ పక్క ఊరి తోటల్లో మట్టలు కొనుక్కుని మోసుకొస్తోందని మా ఆవిడ చెప్పింది. చెప్పి, నా ముందు కాఫీ గ్లాసు ఠపీమని పెట్టి వెళ్లిపోయింది. ఆ నెలంతా ఇంట్లో నాకు మాటల కరువే.

తర్వాత దింపులవాళ్లు వచ్చారు. మూడో వరసలో చెట్టెక్కిన మనిషి పైనుంచి అరిచాడు.

"బాబుగారండీ! ఇక్కడేదో బొమ్మ ఇమానం ఇరుక్కుందండీ!"

మొవ్వులో, లేత ఆకుల మధ్య, రెక్క విరిగి కూర్చుని ఉంది డ్రోను. నేను అక్కడే కాలవగట్టు మీద కూలబడ్డాను. పుట్టిందగ్గర్నుంచీ కొబ్బరిచెట్ల కిందే బతికినవాళ్లం. గాల్లో ఎగిరే వస్తువు పోతే, ఒక్కడంటే ఒక్కడు తలెత్తి చెట్టు మీద చూడలేదు. ఫోను నేల చూపించింది, మేము నేల చూశాం. ఆ తోటలో రోజూ తలెత్తి చూసింది మామ్మ ఒక్కతే, అదీ స్తంభం వైపు, నేను చూడమన్నానని. దింపులవాళ్లు కాయలు పోగేసుకుంటూ నన్ను వింతగా చూశారు.

డ్రోను చేత్తో పట్టుకుని మామ్మ ఇంటికి వెళ్లాను. అదెందుకు తీసుకెళ్లానో ఇప్పటికీ అర్థం కాదు. నువ్వు దొంగవి కాదు మామ్మా, ఇదిగో సాక్ష్యం అని ఆమెకే చూపించడానికా? బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా అది?

మామ్మ పీట తుడిచి వేసింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "దొరికిందాండీ? పోన్లెండి, ఆ బాబుకి పంపించెయ్యండి. వెతుక్కుంటూ ఉంటారండి" అంది.

"రేపట్నుంచి రా మామ్మా. ఆ లైటు పీకించేస్తాను."

"ఎందుకండీ, ఉండనివ్వండి. మీ యాపారం కదండీ."

"నామీద కోపమొచ్చిందా?"

"అబ్బే, కోపమేటండి బాబుగారండీ. తమరు అడగొచ్చండి."

మా వైపు మనిషికి నిజంగా కడుపు మండితే గొంతు పెరగదు, మాటకి రెండేసి అండీలు పెరుగుతాయి. నాకు భయం వేసింది. "నాన్న మాట ఇచ్చాడు కదా మామ్మా" అన్నాను చివరికి.

"అదేనండి. ఆయన ఇచ్చేరండి" అంది. నీళ్ల చెంబు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లింది. నేను ఇంకాసేపు కూర్చుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. మట్టలు రాలితే రోజూ మోగే మోత కాదు, తెలిసినవాళ్లు వస్తే మోగే గంట. చూశాను. 'తెలిసిన వ్యక్తి, మామ్మ' అని ఉంది. అతిథులు వచ్చే పెద్ద గేటులోంచి వస్తోంది. వంకాయరంగు పట్టుచీర, నున్నగా దువ్విన తల. నెత్తిన మోపు లేదు, ముఖం నిటారుగా ఉంది. ఎక్కడా ఆగలేదు. పచ్చలైటు దానంతటదే వెలిగింది. స్వాగతం అంది.

"వచ్చిందే! మామ్మ వచ్చింది!" అని మా ఆవిణ్ణి కేకేసి, చెప్పులైనా వేసుకోకుండా వరండాలోకి పరిగెత్తాను. నాకు చిన్నపిల్లాడిలా సంతోషం వేసింది. అంతా మర్చిపోయి వచ్చేసిందనుకున్నాను, వెర్రి వెధవని.

మామ్మ మెట్టు దగ్గర ఆగింది. కొంగు ముడి విప్పి, కొబ్బరాకులో చుట్టిన కత్తి తీసి మెట్టు మీద పెట్టింది. ఇత్తడి పిడి మెరిసిపోతోంది, చింతపండు పెట్టి తోమినట్టుంది.

"పెదబాబుగారు ఇచ్చేరండి. తమరింటి వస్తువు తమరింట్లో ఉండాలండి. నేనింక తోటలోకి రానండి."

"మామ్మా..." అన్నాను.

మా ఆవిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "అలా అనకు మామ్మా, నీకు దణ్ణం పెడతాను" అని ఏడ్చింది. మామ్మ ఆవిడ తల నిమిరింది. "తమరి తప్పేం లేదండి అమ్మగారూ" అని మెల్లగా చెయ్యి విడిపించుకుంది. నా వైపు తిరిగి, రెండు అరచేతులూ ఇటూ అటూ తిప్పి చూపించింది. కొంగు విప్పి ఒకసారి దులిపింది.

"ఏం తీసుకెళ్లడం లేదండి, చూసుకోండి" అంది.

ఎండ అప్పుడప్పుడే తోటలోకి దిగుతోంది. మామ్మ రాలిన మట్టల మధ్యనుంచి ఒక్కదాని మీదా కాలు పడకుండా నడిచి గేటు దాకా వెళ్లింది. వెళ్లిపోలేదు. ఆగింది. స్తంభం వైపు తిరిగి తలెత్తి నిలబడింది. ఈసారి దండం పెట్టలేదు, నేనేనండి అనలేదు. పచ్చలైటు వెలిగేదాకా ఉండి, అప్పుడు వెళ్లింది.